లక్షా నలభై నాలుగు వేలలో మా అత్త వంతు

కొండల్ని నిలబెట్టి, వాటి మడతల్లో ఉన్న మమ్మల్ని మరచిపోని తండ్రికి స్తోత్రం. మంచుతో కాఫీ మొక్కను తడిపేవాడూ ఆయనే, దిగులుపడిన మనసుకు జవాబు చూపేవాడూ ఆయనే.

పెదబయలు దగ్గర ఆశ్రమ పాఠశాలలో నేను లెక్కలు చెబుతాను. మా మేనత్త కొన్నేళ్లుగా నాతోపాటు సంఘానికి వస్తోంది. వానలు తగ్గాక బాప్తిస్మం తీసుకుంటానని మాట ఇచ్చింది. తీరా రేపు ఆదివారం అనగా, అరుగు మీద అడ్డాకులతో విస్తర్లు కుడుతూ, "నాను రానే అమ్మీ" అంది.

"ఏటయింది అత్తా? సన్నీళ్లకి బయమా?"

"నీళ్లకేటి బయం, పుట్టినకాడ్నుంచీ గెడ్డలోనే తానాలు. మొన్న వాక్యం సెప్పడానికొచ్చిన అయ్యగారు సెప్పినారు కదా, పరలోకానికి దేవుడు ముద్రేసినోళ్లు లక్షా నలభై నాలుగేలమందేనని. పోగులెట్టీసినాక నాను ఎల్తే, ఎవులో గుంట పోగు నాను తిన్నట్టే."

మా ఊళ్లో పండుగకు మేకను కోస్తే ఇంటికో పోగు చొప్పున మాంసం ఆకుల మీద పెడతారు. ఆ తర్వాత వచ్చినవాడు ఎంత దగ్గరి చుట్టమైనా ఒకరి పోగులో చెయ్యి పెట్టడు. అత్తకు నరకమంటే భయం లేదు. తనవల్ల ఇంకొకరికి చోటు లేకుండా పోతుందేమోనన్నదే ఆమె బాధ.

నాకు చేతనైనది లెక్కే. బొగ్గుముక్కతో అరుగు మీద ఆ సంఖ్య వేశాను.

"పన్నెండు పన్నెండులు నూట నలభై నాలుగు. దాన్ని వెయ్యితో హెచ్చవేస్తే ఇది. పన్నెండు గోత్రాలు, గోత్రానికి పన్నెండు వేలు. రెండుకి పంచు, మూడుకి, అయిదుకి, ఎనిమిదికి, తొమ్మిదికి పంచు. ఒక్కటీ మిగలదు. ఎవులికీ ఎక్కువ తక్కువ రాదత్తా."

"మన పేటలో ఏడు పొయ్యిలు. ఏడుకి పంచు."

పంచాను. మూడు మిగిలాయి.

"ఆ మూడూ ఎవులికి?" అంది అత్త.

"మనకాడ మిగిలింది ఏటి సేస్తారు?"

"ఉమ్మడి కుండలో ఎయ్యరా, ఆలిస్యంగా వచ్చినోళ్లకి? అక్కడా కుండ ఉన్నాదని అయ్యగారు సెప్పనేదే!"

ఆ మాట వినగానే లేచాను. లోపలికి వెళ్లి బైబిలు తెచ్చి, ఆ సంఖ్య తర్వాత ఏముందో చదివి వినిపించాను. ఆ లెక్క ముగిశాక ఇంకో జనం కనబడుతుంది. అన్ని జాతులవాళ్లూ, అన్ని భాషలవాళ్లూ ఉంటారు అందులో. వాళ్లను లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

విస్తరి కుడుతున్న అత్త చెయ్యి ఆగింది. "అన్ని బాసలోళ్లూనా? మన బాసోళ్లూనా?"

"అన్నీ అంటే అన్నీనత్తా."

"ఓలమ్మో! అది ముందు సదవక అరుగంతా బొగ్గు పూసీసినావు. నీకు జీతం ఎవులిత్తన్నారే?"

మర్నాడు గెడ్డలో నడుములోతు నీళ్లలో నిలబడి, "బేగి ముంచీయండి బాబూ, సలేస్తంది" అని పాస్టరుగారినే తొందరపెట్టింది. ఒడ్డున పాట పాడుతున్న మాకు నవ్వు ఆగలేదు. నీళ్లలోంచి లేచిన ఆ ముఖాన్ని చూపించినందుకు దేవునికి ఈనాటికీ కృతజ్ఞతలు చెల్లిస్తూనే ఉన్నాను.

ఇది చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి: తండ్రీ, ఇంకొకరి వంతు తగ్గుతుందేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్లను నీవే చెయ్యిపట్టి లోపలికి తీసుకురా. ఆమేన్.