ఒంటి దోనె మీద ఎమ్డెన్

ఎమ్డెన్ అనే మాటకు మా కొల్లేటి లంకల్లో అర్థం ఎన్నిసార్లు మారిందో నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అందులో ఒక అర్థం నేను కల్పించిందే.

మొదట్లో అది జర్మనీవాడి యుద్ధనౌక పేరు. 1914లో చెన్నపట్నం మీద అది గుళ్లు కురిపించినప్పుడు బట్టల బేరానికి వెళ్లి నేను అక్కడే ఉన్నాను. నా మూటలు మోసే మనిషి, లంకవాడే, నాతో ఉన్నాడు. రేవులో నూనె ట్యాంకులు అంటుకున్నాయి. మూటలు ఎక్కడివక్కడ వదిలేసి ఇద్దరం పరుగెత్తాం. తెల్లారేసరికి ఊరు దాటి ఏదో తోపులో ఉన్నాం. అతని కాళ్లకి చెప్పుల్లేవు, నా తలకి పాగా లేదు. ఆ ఏడాది ఎమ్డెన్ అంటే భయం, పరుగు. అంతే.

పారిపోయి వచ్చానని చెప్పుకునేవాడి దగ్గర చీర ఎవరు కొంటారు? అందుకని ఏలూరు నుంచి మూటతో వెళ్లిన ప్రతి లంకలోనూ కథ తిప్పేశాను. ట్యాంకులు మండుతుంటే మావాడు కదలకుండా నిలబడి ఆ మంటకే చుట్ట వెలిగించుకున్నాడన్నాను. ఇరవయ్యేళ్లలో ఆ చుట్ట మూరెడు పొడుగైంది. జనం అతన్నే ఎమ్డెన్ అన్నారు. తర్వాత తాడేపల్లిగూడెం సంతలో లొంగని దున్నపోతు ఎమ్డెన్, నోరున్న అత్తగారు ఎమ్డెన్.

అతను మాత్రం, "ఏవండీ, అది కాస్త ఆపండి. వాళ్లు చూసే చూపుకి నాకు బెదురుగా ఉంటందండి" అనేవాడు. నేను ఆపలేదు.

ఒక కార్తీకంలో మూడురోజులు గాలివాన. నేను లంకలో చిక్కుపడిపోయాను. చావిడినిండా మగాళ్లు, పొగాకు నిండుకుంది. అవతలి ఒడ్డున కొట్లో ఉంది. గాలిలో కొల్లేరు దాటాలంటే తాటిమాను తొలిచిన దోనెలు రెండు పక్కపక్కన పెట్టి అడ్డంగా వెదుళ్లు కట్టాలి. ఒంటి దోనె తిరగబడుతుందని అక్కడ పాలుతాగే పిల్లకీ తెలుసు. ఉన్నవాటిలో ఒక్కటే మిగిలింది, తక్కినవి తాళ్లు తెగి కొట్టుకుపోయాయి.

"జోడుదోనె మనలాంటోళ్లకిరా. ఎమ్డెన్ మావకెందుకు?" అన్నాడొకడు.

"ఫిరంగి గుళ్లకి బెదరనోడు చినుకులకి బెదురుతాడా?" అన్నాడు మావాడి సొంత బావమరిది.

అందరూ నవ్వారు. మావాడు నావైపు తిరిగాడు.

"ఏవండీ, ఆ రోజు ఏం జరిగిందో మీరే చెప్పండి."

పారిపోయామని ఒక్క మాట అంటే అతను చావిట్లోనే కూర్చునేవాడు. కానీ అందరూ నా నోటికేసి చూస్తున్నారు. చుట్ట లేక నాకూ నోరు చేదుగా ఉంది.

"చెప్పేదేముంది? నేను పారిపోయాను. నిలబడింది ఇతనొక్కడే" అన్నాను. కాస్త నిజం కలిస్తే అబద్ధం గట్టిగా నిలుస్తుందని నాకు బాగా తెలుసు.

అతను లేచాడు. తలగుడ్డ బిగించి గెడ అందుకున్నాడు. తుంగ దాటేదాకా కనిపిస్తూనే ఉన్నాడు. వెనక్కి పిలవడానికి చాలినంత సేపే అది.

మర్నాడు దోనె దొరికింది, బోర్లా. అతను ఇంకో రెండ్రోజులకి దొరికాడు.

కప్పడానికి నా మూటలోంచి తెల్లగుడ్డ చింపి ఇచ్చాను. అప్పుడు చెప్పాను అతని భార్యతో, ఇద్దరం పారిపోయామని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"పోయిన మనిషిని పిరికోణ్ణి చెయ్యకండి బాబూ" అంది.

ఇప్పుడా లంకలో గాలివేళ పిల్లలు దోనె ఎక్కబోతే తల్లులు, "ఎమ్డెన్‌వవుతావు, దిగరా!" అని కేకలేస్తున్నారు. ఆ కేక వినపడిన చోట నేను మూట దించను. పక్క లంకకి పోతాను.