క్రిస్మస్ జాకెట్టు కోసం కొన్న మిషను

కుట్టు మిషను కొనాలన్న బుద్ధి నాకు కుట్టు మీద ఇష్టంతో పుట్టలేదు, మా వదిన మీద కోపంతో పుట్టింది. వదిన అంటే మా ఆయన అక్క. ఇందుకూరుపేట దగ్గర మా ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగానే రావాలి. క్రిస్మస్‌కి మేమంతా తెల్లచీరలు కట్టుకుని చర్చికి పోతాం కాబట్టి, ఆ నెలంతా ఆమె మాటే శాసనం.

ఒక క్రిస్మస్‌కి అందరికంటే ముందు నేనే గుడ్డ ఇచ్చాను. పండగ పొద్దున వెళ్తే మడత కూడా విప్పకుండా ఆమె బల్ల మీదే ఉంది. "ఇంట్లో మనిషివే గదా, సర్దుకుంటావులే అనుకున్నా" అంది. కొత్త చీరకు వెలిసిపోయిన పాత జాకెట్టు తొడుక్కుని పోయాను. అది చాలదన్నట్టు చర్చి మెట్ల దగ్గర నలుగురిలో, "మా తమ్ముడి పెళ్లానికి గుడ్డ ముందే ఇయ్యమని చెప్పినా, నా మాట ఇంటే గదా" అంది. ఒళ్లు మండిపోయింది. ఆ రోజు పాడిన పాటల్లో ఒక్క ముక్క నా నోట రాలేదు. నా జాకెట్టు నేనే కుట్టుకోవాలి, ఆమె చేతనే తప్పు ఒప్పించాలి. అక్కడే పంతం పట్టాను.

మా ఆయన రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు. చేతిలో ఉండేది అంతంతమాత్రం. ఫోన్లో బొమ్మలాంటి చిన్న కరెంటు మిషను చూపించాడు.

"ఇంట్లో కుట్లకి ఇది చాలంట."

"ఎవరు చెప్పినారు?"

"అక్క."

ఇక ఆ మిషను వద్దని నాకు తేలిపోయింది.

నెల్లూరులో దుకాణానికి పోయేటప్పుడు సంచిలో పాత లంగా ఒకటి వేసుకున్నాను. బొందు దూర్చే పట్టీ దగ్గర గుడ్డ నాలుగు మడతలు పడుతుంది. అది దాటలేని మిషను ఇంట్లో ఎందుకు? ఫోన్లో చూసిన చిన్నది అక్కడా ఉంది. పట్టీ దగ్గరికి రాగానే మూలిగి ఆగిపోయింది. పువ్వులూ తీగలూ కుట్టే తెల్ల మిషను దాటింది గానీ, దాని ధర విని నేనే ఆగిపోయాను. మూలన ఎవరో వాడి అమ్మిన నల్ల కాలిమిషను ఉంది. తిన్నగా కుట్టడం తప్ప దానికేమీ రాదు.

"తర్వాత కావాలంటే మోటారు తగిలించుకోవచ్చక్కా" అన్నాడు దుకాణం ఆయన.

తొక్కితే పట్టీ మీద ఆగకుండా పోయింది. గుడ్డ తిరగేసి చూశాను, కింది దారం ఎక్కడా వదులు కాలేదు. జాకెట్టుకు ఇంకేం కావాలి? అదే కొన్నాను.

వదిన కుట్టిన పాత జాకెట్టు కుట్లు విప్పేసి, ముక్కలు పరుచుకుని, వాటి మీదే కొలతలు తీసుకున్నాను. విప్పుతుంటే హాయిగా అనిపించింది. పాత చీరల మీద చేయి తిరిగాక కొత్త తెల్లగుడ్డ కోశాను. ఆ ముందు రోజే మా ఆయన నాకు సాయం చేశాడు. ఉప్పునీళ్లకు తుప్పు పట్టకుండా చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లకు గ్రీజు దట్టించడం ఆయనకు అలవాటు. సముద్రపు గాలికి పాడవుతుందని నా మిషనుకూ సందు కనపడ్డ చోటల్లా అదే దట్టించాడు. మొదటి కుట్టుకే చేయి ముక్క మీద నల్లటి చార పడింది. సంగతి వదిన చెవిన పడనే పడింది. "పడవకి తారు పూసినట్టు పూసినారంట" అని వీధంతా చెప్పుకుని నవ్వింది.

నవ్వనీ అనుకున్నాను. మిషను విప్పించి, కిరసనాయిలుతో తుడిచి, సన్న నూనె చుక్కలు వేశాను. చార పడిన మేరకు చేతులు రెండూ పొట్టి చేశాను. చంక కింద ముడత పోయేదాకా విప్పి కుడుతూనే ఉన్నాను.

మరుసటి క్రిస్మస్‌కి చర్చిలో వదిన వచ్చి నా పక్కనే కూర్చుంది. ఏమీ అడక్కుండా నా చేయి అంచు తిరగేసి కుట్టు చూసింది. భుజం దగ్గర చూసింది. వంక పెట్టడానికి ఆమెకేమీ దొరకలేదు.

మా చర్చిలో పండగకీ, నెలకోసారీ ప్రభువు గుర్తుగా రొట్టె పంచుతారు. అది తీసుకునే ముందు, ఎవరి మీదైనా కక్ష ఉంటే సమాధానపడమంటారు. పడకపోతే రొట్టె ముట్టకూడదు. పాస్టరు అయ్యగారు ఆ మాట చెప్పగానే వదిన నా చెవి దగ్గరికి వంగింది.

"అప్పుడు నీ జాకెట్టు కావాలనే ఆపినా. మనసులో పెట్టుకోబాకమ్మా."

నాకు కావలసిన మాట అదే. "సరే వదినా" అంటే అయిపోయేది. కానీ నలుగురిలో పరువు తీసి, చెవిలో తప్పు ఒప్పుకుంటే సరిపోతుందా? రొట్టె పళ్లెం వచ్చింది. ముట్టకుండా ఆమె చేతికి అందించాను. వరసలో తలలన్నీ మా వైపు తిరిగాయి. ఆమె కాసేపు పళ్లెం పట్టుకుని కూర్చుని, తనూ తీసుకోకుండా పక్కవాళ్లకిచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా కడుపు చల్లబడింది.

ఆ తర్వాత నెలనెలా అదే జరుగుతోంది. ఎన్ని చోట్లు ఖాళీగా ఉన్నా వదిన వచ్చి నా పక్కనే కూర్చుంటుంది. పళ్లెం నా చేతిలోంచి ఆమె చేతిలోకి పోతుంది, ఇద్దరం తినం. ఆమె నా ముఖం వైపే చూస్తుంది. నేనింకా సరే అనలేదు.