బొడ్డు పాతిన వాకిలి

పుట్టింటి సంగతి మేనమామకు తెలియదా అంటారు. తాళ్లకుంటలో మేనమామకేం తెలుసు, అంతా ఉప్పలమ్మకే తెలుసు. రామన్నపేటకు నాలుగు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఆమే మంత్రసాని. మామూలు రోజుల్లో ముంగిలి దాటి రానివ్వనివాళ్ళు, నొప్పులు మొదలైన పూట మాత్రం ఆమెను చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయేవాళ్ళు. బిడ్డ కేరుమన్నాక ఉప్పలమ్మ మళ్ళీ ముంగిట్లోకి, అక్కణ్ణించి చాటెడు జొన్నలతో మాదిగవాడలోకి. ఆ మర్యాద ఆమెకు అలవాటే. నవ్వుకునేది.

బొడ్డు కోసి, బిడ్డ వెనకే పడే మావిని కొత్త కుండలో పెట్టి, పెరట్లో మోకాలిలోతు గుంత తవ్వి పాతేది కూడా ఆమే. బిడ్డకు మూడు నెలలు నిండేదాకా స్నానం నీళ్ళు ఆ గుంత మీదే పారాలి. అలా పారితేనే ఆ నేల బిడ్డను గుర్తుపడుతుందని, ఎంత దూరం పోయినా వెనక్కి పిలుచుకుంటుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఎవరి గుంత ఎక్కడుందో ఉప్పలమ్మ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. మీసం మెలేసే మొనగాణ్ణయినా సరే, "నీది బర్ల కొట్టం ఎనకాల, కుడితి గోలెం పక్కన" అనేసేది. ఆ మాటతో వాడు కాసేపు చంటిపిల్లాడైపోయేవాడు.

తన గుంత ఒక్కటే ఆమెకు తెలియదు. కరువు ఏట తల్లి నిండు నెలలతో కూలి వెతుక్కుంటూ నడిచి నడిచి, ఏదో బాట పక్కన కన్నదట. ఏ బాటో, ఏ ఊరి పొలిమేరో చెప్పకుండానే కన్ను మూసింది. పసిగుడ్డును కొంగులో మూటగట్టి తెచ్చినవాళ్ళూ పోయారు. కోపమొచ్చినవాళ్ళు "ఊరూ పేరూ లేనిదానా" అని తిడితే ఉప్పలమ్మ "పేరున్నది గద" అని ఊరుకునేది. ఊరుకునేది గానీ, ఆ మాట రోజంతా గుచ్చుకునేది.

దేశానికి స్వరాజ్యం వచ్చిందట, నిజాం రాజ్యానికి మాత్రం రాలేదట అని జనం గుసగుసలాడుకునే ఏడు, బడిపంతులు రామచంద్రం బెజవాడ నుంచి ఒక పటం తెచ్చాడు. ధోవతుల మధ్య చుట్టచుట్టి పెట్టె అడుగున దాచాడు. బయటపడితే జైలే. భార్యకు సుఖంగా పురుడైన రోజున ఆ పంతులు సంతోషం పట్టలేక, తలుపు దగ్గరికి వేసి, పటం విప్పి ఉప్పలమ్మకు చూపించాడు. కిరీటం, ఎర్రంచు చీర, చేతిలో జెండా, పక్కన సింహం. ఉప్పలమ్మ చెంపలు వేసుకుంది.

"మా ఎల్లమ్మే గద పంతులూ! ఏ పుట్టల పుట్టిందట గీ తల్లి?"

"ఎల్లమ్మ గాదు ఉప్పలమ్మా, భరతమాత. ఈమె ఏడా పుట్టలె. మనమే ఈమెకు పుట్టినం."

ఉప్పలమ్మ పటాన్ని మంత్రసాని కళ్ళతో ఎగాదిగా చూసింది. "గీ నడుము జూస్తే ఒక్క కాన్పన్న అయినట్టు లేదు" అంది.

పంతులు నవ్వాపుకోలేకపోయాడు. నవ్వి, కన్నతల్లీ పుట్టిన నేలా స్వర్గం కంటే మేలని పెద్దలు చెప్పారని వివరించాడు.

"స్వర్గం నేను జూడలె. పుట్టిన నేల గూడ జూడలె. రెంట్ల ఏది మేలో నాకేం ఎరుక పంతులూ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. అంటు సంగతి మరిచి ఆమె చూపుడు వేలు పట్టుకున్నాడు. పటంలో దేశం ఆకారంగా గీసిన ఆ తల్లి చీర కుచ్చిళ్ళ మీద ఆనించాడు. "మన నల్లగొండ గిక్కడుంటది. నువ్వు ఏ బాట మీద పుట్టినా గీ కుచ్చిళ్ళ మడతలనే పుట్టినవు."

"గంత పెద్ద తల్లికి నా బొడ్డు యాదికుంటదా?"

"ఎందుకుండదు?"

"ఉండదు. కన్నతల్లికి నొప్పులల్ల సోయే ఉండదు. మంత్రసానికి యాదికుండాలె."

మాటకు మాట చెప్పి వచ్చేసిందే గానీ, ఆ కుచ్చిళ్ళు ఆమెను వదల్లేదు. మధ్యాహ్నం గుడిసె నీడలో కునుకు పడితే చాలు, ఆ తల్లి వచ్చేది. ఆకాశమంత చీర దులుపుకునేది. కుచ్చిళ్ళలోంచి మనుషులు జొన్నగింజల్లా రాలేవాళ్ళు. చిట్యాలవాళ్ళు చిట్యాలలో, నకిరేకల్లువాళ్ళు నకిరేకల్లులో, ఎవరి ఊళ్ళో వాళ్ళు పడేవాళ్ళు. ఉప్పలమ్మ మాత్రం గాలికి తేలుతూ తేలుతూ రెండూళ్ళ మధ్య బాట మీద దిగేది. దెబ్బ తగిలేది కాదు. దుమ్ము మెత్తగా, వెచ్చగా ఉండేది. కింద ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు బాట నెమ్మదిగా పైకి లేచేది, కిందికి దిగేది. అక్కడే ఉండిపోవాలనిపించేది. మెలకువ వస్తే ఏడుపొచ్చేది.

మరుసటి శ్రావణంలో నిజాం తరఫు తుపాకులవాళ్ళు ఊరి మీద పడ్డారు. కాపు గుర్వయ్య బండి కట్టి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయటపడ్డాడు. కోడలు బాలనర్సమ్మకు నెలలు నిండాయి గనుక ఉప్పలమ్మను బండి వెనక నడిచి రమ్మన్నాడు. మూడు కోసులు పోయేసరికి ఒక మామిడితోట దగ్గర నొప్పులు మొదలయ్యాయి. చీర అడ్డం కట్టారు. బాలనర్సమ్మ మంత్రసాని మెడ కరుచుకుని "అవ్వా, అవ్వా" అని అరిచింది. కోడలు ఎవరిని అవ్వా అంటున్నదో వినిపించనట్టు గుర్వయ్య ఎద్దులకు గడ్డి వేస్తూ నిలబడ్డాడు. పొద్దు నడినెత్తికి రాకముందే ఆడపిల్ల పుట్టింది.

ఉప్పలమ్మ అక్కడే గుంత తవ్వబోయింది. బాలనర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈడ వద్దవ్వా. గీ తోట ఎవలదో ఏమో. నా బిడ్డకు ఊరు లేకుంట జేయకు."

"ఊరికి కొంచవోయి మా పెరట్లనే పాతు ఉప్పలీ" అన్నాడు గుర్వయ్య. "ముసలిదానివి, నిన్నెవడాపుతడు?"

ఎంత సులువుగా అన్నాడో చూడండి! తుపాకులున్న చోటికి తాను పోడు, ఆమె పోవాలి. అయినా ఉప్పలమ్మకు కోపం రాలేదు. బాట పక్కన పుట్టిన పిల్ల. తన కోసం ఆనాడు ఎవరూ వెనక్కి నడవలేదు. ఈ పిల్లకైనా ఒక ఊరుండాలి. మావి కుండకు మూత పెట్టి నెత్తిన పెట్టుకుంది.

సన్నగా ముసురు పడుతోంది. మూడు కోసులూ ఆమె నడిచిందో, బాటే ఆమెను మోసుకుపోయిందో తెలియదు. తడి మన్ను పాదాల కింద వెచ్చగా కదులుతున్నట్టుంది. దారి పొడుగునా కుండతో మాట్లాడుతూనే పోయింది. వాగు వచ్చింది బిడ్డా అంది, తాటివనం వచ్చింది బిడ్డా అంది. ఊరి మొదట్లో తుపాకీ మనిషొకడు అడ్డం నిలబడ్డాడు.

"కుండల ఏముంది?"

ఉప్పలమ్మ దించి మూత తీసింది. వాడు ముక్కు మూసుకుని ముఖం తిప్పుకున్నాడు. "నువ్వు గూడ గిట్లనే వచ్చినవు కొడుకా" అంది ఆమె. వాడు పొమ్మని చెయ్యి ఊపాడు.

గుర్వయ్య ఇంటి నిండా వాళ్ళే ఉన్నారు. పెరట్లో గుర్రాలు కట్టేసి, పొయ్యిలు తవ్వుకున్నారు. గునపం దించే సందు లేదు. కుండేమో పొద్దు గూకకముందే భూమిలో పడాలి. ఊళ్ళో ఆమె తనదని చెప్పుకోగల జాగా ఒక్కటే. మాదిగవాడకు పోయి, తన గుడిసె గడపకు మూరెడు దూరంలో తవ్వి పాతింది. చెంబెడు నీళ్ళు పోసి, మన్ను చదును చేసి, అక్కడే కూలబడింది.

భాద్రపదంలో మిలిటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. పారిపోయినవాళ్ళంతా తిరిగొచ్చారు. పంతులు పటాన్ని బడి గోడకు వేలాడదీశాడు. గుర్వయ్య బండి దిగీ దిగకముందే ఉప్పలమ్మను పిలిపించాడు.

"ఏడ పాతినవో చూపియ్యి. రేపటిసంది పిల్లకు ఆడనే నీళ్ళు పొయ్యాలె."

పెరడంతా గుర్రపు డెక్కల గుంతలే. ఏ మూల వేలు చూపినా నమ్ముతాడు. పిల్లకు కాపుల పెరడు దక్కుతుంది, తనకు తిట్లు తప్పుతాయి. కానీ ఉత్త మన్ను మీద పోసిన నీళ్ళకు ఏ నేల పలుకుతుంది? ఆ పిల్లా తనలాంటిదే అయిపోతుంది.

"మీ పెరట్ల గుర్రాలుండె పటేలా. నా గడపకాడ పాతిన."

గుర్వయ్య ముఖం మాడిపోయింది. "నా మనుమరాలి బొడ్డు మాదిగవాడలనా? తీసి ఈడ పాతు!"

"నెల దాటె. మన్నుల మన్నయింది. ఏది మీదని, ఏది మాదని తీస్త?"

ఆయన వీధి వైపు ఒకసారి తొంగి చూశాడు. చివరికి గొంతు తగ్గించి, "మా పెరట్లనే ఉన్నదని జెప్పు. ఎవలడిగినా గట్లనే జెప్పు" అన్నాడు. ఉప్పలమ్మ మాట ఇవ్వకుండానే వాడ దారి పట్టింది. బాలనర్సమ్మ ఇదంతా వాకిట్లోంచి వింది.

తెల్లవారి పొద్దు బారెడెక్కాక మాదిగవాడలో కలకలం రేగింది. బాలనర్సమ్మ వస్తోంది. చంకలో పిల్ల, చేతిలో వేన్నీళ్ళ బిందె. వెనకాల గుర్వయ్య వాడ మొదటిదాకా వచ్చి నిలబడిపోయాడు. లోపలికి అడుగు పెట్టలేదు, ఆమెను ఆపనూ లేదు. వాడంతా వాకిళ్ళలోకి వచ్చి చూస్తోంది.

"ఏ జాగవ్వా?"

ఉప్పలమ్మ చూపించింది. ఆ చోటనే కాళ్ళు చాపి కూర్చోమని బాలనర్సమ్మ ఆమెను బతిమాలింది. పిల్లను ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టి బిందె అందించింది. ఉప్పలమ్మ దోసిళ్ళతో పోసింది. నీళ్ళు పిల్ల మీది నుంచి జారి, ఆమె కాళ్ళ కింది మన్నులోకి ఇంకిపోయాయి.

"రేపు గీ పిల్ల పెద్దగయి నేను పుట్టిన జాగా ఏదంటే నీ కాడికే తోలిస్తనవ్వా" అంది బాలనర్సమ్మ. "నువ్వే చూపియ్యాలె."

నలభై ఏళ్ళు అందరి ఇళ్ళకూ తానే పోయింది. పుట్టిన చోటు వెతుక్కుంటూ ఒకరు తన గడపకు వస్తారని ఉప్పలమ్మ కలలో కూడా అనుకోలేదు. ఏడుపు ఆపుకోలేకపోయింది, ఆపుకోవాలనీ అనుకోలేదు.

"నేనుంటనో ఉండనో బిడ్డా" అంది. "ఉన్నన్ని దినాలు ఊడ్చి, అలికి పెడత."