బల్ల అద్దం కింద ఫోటో

నాచారంలో మేం పనిచేసిన మందుల కంపెనీ ఆఫీసులో సరుకు పంపే డిస్పాచ్ పని చూసే ఆమెను అందరం డిస్పాచ్ అక్క అనేవాళ్లం. ఎవరేమన్నా ఆమె నోట ముందు వచ్చే మాట ఒకటే: “అయితేంది?” గొంతు పెంచేది కాదు. గడ్డం మాత్రం కాస్త పైకి లేచేది.

ఒక వేసవిలో ఇంట్లోవాళ్లతో విశాఖ వెళ్లొచ్చి, ఫోటోల ఆల్బమ్ తెచ్చింది. ఒక ఫోటోలో కూలింగ్ గ్లాసులు పెట్టుకుని, తడిసిన చీరతో అలల్లో నిలబడి, నోరారా నవ్వుతోంది.

“అక్కా, పళ్లొక్కటే కనబడ్తున్నయ్, నువ్వేడున్నవ్?” అన్నాడు క్యాషియర్. అందరూ నవ్వారు. “ఉప్పల్ల స్టూడియోకియ్యి, జర తెల్లగ జేసిస్తడు,” అని సలహా కూడా పారేశాడు. అన్నవాడు మన్మథుడేం కాదు. జేబులో దువ్వెన ఉండేది గానీ, దానికి పనుండేది కాదు.

“అయితేంది?” అని ఆమె ఆల్బమ్ మూసింది. అంతటితో అయిపోయిందనుకున్నాం.

సోమవారం వచ్చి చూస్తే ఆమె బల్ల అద్దం కింద, వెంకన్న బొమ్మ పక్కన, అదే ఫోటో. ఉప్పల్ స్టూడియోలోనే పెద్దది చేయించింది. రంగు మాత్రం ముట్టుకోనివ్వలేదు.

బిల్లుల కోసం వచ్చిన క్యాషియర్ ఎదురుగా నిలబడి నవ్వాడు. “అక్కా, ఫోటో ఉల్టా వెట్టినవ్. నీ దిక్కు తలకాయ కిందికుంది.”

గడ్డం పైకి లేచింది.

“ఉల్టా గాదు. నా మొఖం నాకు దినాం అద్దంల కనబడ్తనే ఉంటది. సూసుడు రానోళ్ల దిక్కు వెట్టిన.”