మరిగో ఇంటి రొట్టె

మొగుడు కూర్మనాథం యుద్ధం నుంచి కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉండి తిరిగొస్తే కోడిని కోస్తానని పైడితల్లి ఊరి అమ్మవారికి మొక్కుకుంది. వచ్చాడు, కోసింది. నెల తిరక్కుండానే, మొక్కులో మొగుడి నోటి సంగతి కూడా కలపకపోతినే అని తల పట్టుకుంది.

వాళ్ళ ఊరు కంచిలికి తూర్పున, కొబ్బరితోటలు సముద్రపు ఇసుకలో కలిసిపోయే చోట ఉంది. బారువ రేవులో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూను, వెళ్ళొచ్చిన మగవాళ్ళు అక్కడ ఇంటికొకరు ఉంటారు. వాళ్ళని కులంలో ఎవరూ ఏమీ అనరు. రంగంలో మనవాళ్ళంతా ఒక్కచోట ఉండి, మనవాళ్ళు వండిందే తింటారు కాబట్టి దోషం లేదన్నమాట. కూర్మనాథం కూడా బియ్యం మిల్లులో పనికని అలాగే వెళ్ళాడు. అక్కడ సర్కారువాళ్ళు యుద్ధానికి మూటలు మోసే మనుషులు కావాలంటే, ఏ గాలి తోసిందో గాని ఇంకో ఓడెక్కేశాడు. ఆ ఓడ అతన్ని గ్రీకు దేశపు దీవుల్లో, లెమ్నోస్ అనే చోట దించింది. తుర్కీవాళ్ళతో యుద్ధం ఎదుటి ఒడ్డున జరుగుతుంటే ఇతను ఈ ఒడ్డున బిస్కట్ల పెట్టెలు మోశాడు.

పోనీ, యుద్ధం చూసొచ్చిన మనిషి యుద్ధం సంగతి చెప్పాలా వద్దా? ఒక్క ముక్క చెప్పడు. చెప్పేదంతా తిండి సంగతే. ఆ దీవుల్లో ఎక్కడ తింటే ఒంటికి పడుతుంది, ఎక్కడ తింటే కడుపు చెడుతుంది, ఏ కొండకి అవతల ఎవరి చేతి వంట బాగుంటుంది! పొద్దు వాలేసరికి అరుగు నిండిపోయేది.

"రేవు కాడ దుకాణాల్లో తినీసీరు గాని, జాగర్త. అవి సిపాయిల కోసం ఎట్టినవి. నూనె మార్చరు. ఓపికుంటే కొండెక్కి అవతలకి దిగాల. పోర్తియానో అని ఊరుంది. అక్కడ అంజూరపు పళ్ళు దొరుకుతాయి. మన మేడిపండులాటిదే గాని పురుగుండదు. ఇంబ్రోసని పక్క దీవుంది సూడండి, అక్కడికెల్తే సేపలు తినాల, మాంసం ముట్టుకోకండి."

వినేవాళ్ళు ఎవరయ్యా అంటే, చాలామంది కంచిలి సంత దాటి ఎరగనివాళ్ళు. వాళ్ళ దిగుళ్ళు వాళ్ళవి.

"మరి బావా, మనం పొద్దోయినాక దిగితే కొండెక్కలేం కదా. దగ్గర్లో ఏటీ దొరకదా?" అని అడిగాడు ఎదురింటి జగన్నాథరావు. తిండి ఊసెత్తితే రెండు చెవులూ అప్పగించేస్తాడు.

లోపల పొయ్యి ఊదుతున్న పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది. "దిగుతాడట! కంచిలిలో రైలు కూతేస్తే సెవులు మూసుకునీ మడిసి, ఆ దీవిలో దిగుతాడట!" అని పొయ్యితోనే చెప్పుకుంది.

అరుగు మీది ఊసులతో పోయేదైతే ఆమె సర్దుకుపోయేదే. అది ఆమె కంచంలోకీ వచ్చేది. ఎండు నెత్తళ్ళ చేపల పులుసు మరిగించి, తాటాకు దడి అవతలివాళ్ళు కూడా ముక్కులు ఎగబీల్చేలా చేసి ముందు పెడితే, మహానుభావుడు రెండు ముద్దలు తిని తల పంకించేవాడు. "బాగుంది గాని, ఒక్క సుక్క ఆలివు నూనె పడితేనా…" అనేవాడు. రాగిపిండితో కాచిన చోడంబలి పోస్తే మేకపాల జున్ను గుర్తొచ్చేది. చివరికి ఏ ఊసైనా ఒక్కచోటికే చేరేది.

"ఎన్ని సెప్పినా, మరిగో ఇంటి రొట్టె ముందు ఏదైనా దిగదుడుపే."

మరిగో ఎవరంటే ఆ దీవిలో ఒక ముసలమ్మ. నోట్లో పన్ను లేదని కూర్మనాథమే చెప్పాడు. పళ్ళు లేకపోతే మాత్రం ఏం, రొట్టె చేసే చేతులున్నాయిగా! పెళ్ళయిన నాటి నుంచి వండి వార్చిన తన చేతులకి లేని పేరు, ఊరూ పేరూ తెలియని ముసలిదానికి వచ్చిందని పైడితల్లికి కడుపు రగిలిపోయేది. ముసలిదాని మీద అసూయేమిటని తనని తనే తిట్టుకునేది, మళ్ళీ రగిలిపోయేది.

అలా ఉండగా ఆమె తమ్ముడు రామూర్తికి హరిశ్చంద్రపురం సంబంధం కుదిరింది. తల్లి లేని పిల్లణ్ణి చంకనేసుకుని పెంచింది పైడితల్లే. వాళ్ళ ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. పెళ్ళి భోజనంలో పెళ్ళికొడుకు తోబుట్టువు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే పంక్తిలో మిగతావాళ్ళు అన్నంలో చెయ్యి పెడతారు. తల్లి ఉంటే తల్లి కళ్ళారా చూసుకునే ముచ్చట అది. ఆ ముద్ద కోసం పైడితల్లి ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తోంది.

లగ్నం పెట్టుకున్న నాలుగు రోజులకే కులపెద్ద వైకుంఠరావు కబురంపాడు. వరసకి కూర్మనాథానికి పెదనాన్న, మంచివాడే. కానీ పెళ్ళికూతురివాళ్ళ చెవిన మాట పడిందట. పరదేశంలో ఎవరి చేతి కూడో తినొచ్చినవాణ్ణి పంక్తిలో ఎలా కూర్చోబెడతారని అడిగారట. కూర్మనాథం కులం ముందు సమాధానం చెప్పాలి. చెప్పకపోతే వెలి.

మండదా మరి! ఆ ఊసులు మోసింది ఎవరు? అరుగు మీద కూర్చుని లొట్టలేసుకుంటూ విన్నవాళ్ళే. ఆ మాటకొస్తే వైకుంఠరావే కొబ్బరి మొక్కల మిషతో వచ్చి, మేకపాల జున్ను ఉప్పునీళ్ళలో ఎన్నాళ్ళు నిలవుంటుందని అడిగి వెళ్ళాడు. మజ్జిగ కలిపిచ్చింది పైడితల్లే.

ఆ మధ్యాహ్నం మొగుణ్ణి కొబ్బరిపీచు దగ్గర కూర్చోబెట్టి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"నా సేతి కూడే తిన్నాను, బియ్యం నానే ఒండుకున్నాను అను. ఇంకేటీ అనకు. అదీ సెప్పలేకపోతే, తప్పు తిన్నాను అనీసి పసుపునీల్లు తాగీ. తెలిసిందా?"

"తెలిసింది."

"నూనె ఊసెత్తకు."

"ఎత్తన్లే."

"ఆ ముసల్దాని ఊసు అసలెత్తకు."

కూర్మనాథం తల దించుకుని పీచు పేనడం మొదలెట్టాడు. ఎప్పుడూ మూతపడని నోరు అప్పుడు మూతపడితే, బుద్ధి వచ్చిందనుకుని పైడితల్లి సంతోషించింది కూడా.

మర్నాడు పొద్దున్న తోటలో కులం కూడింది. ఆడవాళ్ళు దడి పక్కన నిలబడ్డారు.

"ఒరే కూర్మనాథం, ఆ దేశంలో ఎవురి సేతి కూడు తిన్నావురా?" అని అడిగాడు వైకుంఠరావు.

"నా సేతి కూడే, పెదనాయనా. బియ్యం నానే ఒండుకున్నాను."

పైడితల్లి ఊపిరి వదిలింది. వైకుంఠరావు లేవబోతున్నాడు. అంతలో జగన్నాథరావు, మనసులో ఏ చెడ్డా లేకుండా, నిజంగానే అనుమానమొచ్చి, "మరి బావా, మరిగో ఇంటి రొట్టె?" అన్నాడు.

తోటంతా గొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వబోయి మీసం సర్దుకున్నాడు. జగన్నాథరావుని ఏ కొబ్బరిచెట్టుకి కట్టేస్తే బాగుంటుందా అని పైడితల్లి చుట్టూ చూసింది.

"సరే, తిన్నావు. అందరికీ తెలిసిందే," అన్నాడు వైకుంఠరావు మెత్తగా. "తినకూడని కూడు తిన్నాను, తప్పయిపోనాది అను. ఈ పసుపునీల్లు తాగు. పెల్లిలో మా పక్కనే కూకో. బేగి అనీరా, ఎండెక్కుతంది."

అంతకన్నా సులువుగా ఎవరు వదిలిపెడతారు? కూర్మనాథం పసుపునీళ్ళ లోటా అందుకున్నాడు. నోరు తెరిచాడు. మూశాడు. లోటా కింద పెట్టేశాడు.

"మిగతావన్నీ తప్పేనంటాను, పెదనాయనా. సేపలు తప్పు. నూనె తప్పు. దుకాణాల్లో తిన్నది తప్పు. ఆ రొట్టె మాత్రం తప్పని నాను అనను."

"ఏటిరా ఆ రొట్టెలో?"

"జొరమొచ్చీసింది నాకు. రగతం పడీది. డేరాల కాడ ఎవుడి సావు ఆడిది, మడిసిని మడిసి పట్టించుకునీవోడు కాదు. నీల్ల కోసం పాక్కుంటా కొండ దిగి, ఆ ముసల్దాని గుమ్మంలో పడిపోనాను. దాని కొడుకు సముద్రంలో పోనాడట. నన్ను లోపలికి ఈడ్సుకెల్లింది. రొట్టె మేకపాలల్లో నానబెట్టి, సంటిపిల్లడికి ఎట్టినట్టు నోట్లో ఎట్టింది. దినమూ ఎట్టింది. నాను లేసి కూకున్నాక అప్పుడు సూసినాను, అది ఏటి తింతందో. గుట్ట మీద ఆకూ అలమూ ఏరుకొచ్చి ఉడకేసుకుంతంది. ఇంట్లో ఉన్న రొట్టంతా నాకే ఎట్టీసింది."

ఇన్ని నెలల్లో అరుగు మీద ఆ రొట్టె రుచి ఎంత పొగిడినా, ఈ ముక్క ఒక్కసారీ చెప్పలేదు. తోటలో ఎవరూ నవ్వలేదు. కానీ ఆచారం ఆచారమే. వైకుంఠరావు చాలాసేపు కండువా నలిపి, కూర్మనాథం పందిరి బయట కూర్చుని తినాలనీ, పైడితల్లిది ఏ తప్పూ లేదు కనక ఆమె లోపల పంక్తిలో కూర్చోవచ్చుననీ తేల్చాడు.

ఇంటికి రాగానే పైడితల్లి విరుచుకుపడింది.

"ఊరందరికీ ఊరుపేరునేని ఊసులన్నీ సెప్పినావు. ఇది నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే ఏడుత్తావని."

"ఇప్పుడేటి సేత్తన్నాననుకున్నావు?"

ముక్కు చీదుకుంటూ తిట్టింది, తిడుతూ అన్నం పెట్టింది. నాలుగు మాటలు అనేస్తే పోయేదానికి తమ్ముడి పెళ్ళిలో తన పరువు తీశాడని కోపం. అనేసి ఉంటే ఆ మనిషి మొహం మళ్ళీ చూడగలిగేదాన్నా అని ఇంకో కోపం. రెంటిలో ఏది పెద్దదో ఆమెకే తేలలేదు.

పెళ్ళినాడు పందిట్లో విస్తళ్ళు వేశారు. అన్నం, పప్పు, పనసకాయ కూర వడ్డించారు. పందిరి బయట, పశువుల శాల పక్కన, ఒక్క విస్తరి విడిగా వేశారు. కూర్మనాథం దాని ముందు తల దించుకుని కూర్చున్నాడు. వడ్డించినవాడు అన్నం పైనుంచే వదిలి, చెయ్యి తగలకుండా వెళ్ళిపోయాడు.

లోపల అందరూ పైడితల్లి వైపు చూశారు. పెళ్ళికొడుకు కూడా అక్క ముద్ద కోసం చూస్తున్నాడు. పైడితల్లి అన్నంలో చెయ్యి పెట్టింది. పందిరి గుంజల మధ్య నుంచి ఆ ఒంటి విస్తరి కనిపించింది. చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

లేచింది. ఎవరో "ఎక్కడికే?" అన్నారు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పంక్తి అంతా దాటుకుని, పశువుల శాల పక్కకి వెళ్ళి మొగుడి ఎదురుగా మట్టిలో కూర్చుంది.

"ఎందుకొచ్చినావు?" అన్నాడు కూర్మనాథం కంగారుగా.

"నోరు ముయ్యి. ఇంక నీ నోటితో పన్నేదు," అని, అతని విస్తరిలోంచే పప్పన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. కావాలనే గట్టిగా నమిలింది.

పందిట్లో ఒక్క చెయ్యి కదల్లేదు. ఆకలి మీదున్న జనం, చల్లారిపోతున్న అన్నం. పెళ్ళికూతురివాళ్ళు వైకుంఠరావుని చూశారు. వైకుంఠరావు పనసకాయ కూరని చూశాడు.

"ముద్ద దిగిందా అమ్మా?" అని కేకేశాడు.

"దిగింది, మావా."

"తోబుట్టువు ముద్ద ముందు దిగాలని ఉంది గాని, ఎక్కడ కూకుని తినాలో ఆచారంలో నేదు. తినండ్రా!"

తిన్నారు. కూర్మనాథానికి వెలి తీయడానికి తర్వాత ఇంకో పంట కాలం పట్టింది. అదీ ఎవరూ తీయలేదు, జనం మరిచిపోయారంతే. అరుగు మీద ఊసులు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. ఆ నూనె, ఆ జున్ను, ఆ చేపలు వినివినీ పైడితల్లికి విసుగు ఇంకా పెరిగిందే గాని తగ్గలేదు. అయితే ఎవడైనా కొత్తవాడు అరుగెక్కి, ఆ దీవుల్లో తిండి ఎక్కడ బాగుంటుందని అడిగాడంటే, మొగుడు నోరు తెరవకముందే పొయ్యి దగ్గర్నుంచి ఆమె కేక వినబడేది.

"మరిగో ఇంట్లో! కొండ దిగువన. నా పేరు సెప్పండి, ఎడతాది."