ఆయి విన్న కొమ్ము

మొన్న ఆదివారం షేక్‌పేట మీదుగా వస్తుంటే, రోడ్డు పక్కన మేక తలకాయలూ కాళ్ళూ కాల్చేవాళ్ళ దగ్గర మా కారు ఆగిపోయింది. కొమ్ము కాలిన కమురు వాసన గుప్పున లోపలికి కొట్టింది. వెనక కూర్చున్న నా సహాయకులిద్దరూ ముక్కులు మూసుకుని అద్దాలు ఎక్కించమన్నారు. నేను నా వైపు అద్దాన్ని పూర్తిగా దించాను. "ఈ వాసన మీకిష్టమా మేడమ్?" అని అడిగారు వింతగా. ఇష్టమే. అది తగిలితే చాలు, నాకు ఎజ్రా గారు గుర్తుకొస్తారు, వెంటనే నవ్వొస్తుంది.

ఎనభైల చివరి మాట. అప్పటికి ఫిల్మ్‌నగర్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళే ఎక్కువ. ఆ బండల మధ్య ఏటవాలులో ఉన్న ఒక రికార్డింగ్ థియేటర్లో ఎజ్రా గారు చప్పుళ్ళ విభాగానికి పెద్ద. తెరమీద గుర్రం పరిగెత్తినా, తలుపు కిర్రుమన్నా, కథానాయిక గాజులు గలగలమన్నా ఆ చప్పుడు ఆయన చేతుల్లోంచే పుట్టేది. నేను కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇరవై ఆరేళ్ళ వయసులో వెంగళరావు నగర్‌లోని మా పిన్ని ఇంటికి చేరి, అక్కడ ఉద్యోగంలో కుదిరాను. ఆ విభాగంలో అంతకుముందు ఆడవాళ్ళెవరూ లేరు. వారం తిరక్కుండా వెళ్ళిపోతానని మిగతావాళ్ళు అనుకుంటుంటే, ఆయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "చెవులున్నయి గద? ఇంకేంది మరి, కూసో పద్మా" అన్నారు. మొదటి వారమంతా నన్ను ఒక్క మీట కూడా ముట్టుకోనివ్వలేదు. కళ్ళు మూసుకుని, వెనకనుంచి నడిచింది ఎవరో, చెప్పులున్నాయో లేవో చెప్పమనేవారు. తప్పు చెప్తే కోప్పడేవారు కాదు. మళ్ళీ నడిచి చూపించేవారు.

ఆయన పేరు విని అందరూ "మీది ఏ చర్చి సార్?" అని అడిగేవాళ్ళు. "చర్చి గాదు బాబూ, మేం యూదులం" అని ఆయన నవ్వుతూ మొదటినుంచీ చెప్పుకొచ్చేవారు. వాళ్ళ పూర్వీకులది కొంకణ తీరం. తండ్రి రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చారట, ఈయన అక్కడే పుట్టారు. వాళ్ళ మతంవాళ్ళు నగరంలో ఇంకెవరున్నారో ఆయనకే తెలియదు.

ఆయన సొరుగులో తువ్వాలులో చుట్టి ఒక పొట్టేలు కొమ్ము ఉండేది. మూరెడు పొడవు, తేనెరంగు, చివర కాస్త వంపు. దాన్ని షోఫర్ అంటారని చెప్పారు. యూదుల కొత్త సంవత్సరం ఇంకా నెల ఉందనగా మొదలుపెట్టి, శనివారాలు తప్ప రోజూ పొద్దున్నే థియేటర్ వెనక బండమీద నిలబడి ఊదేవారు. ముందు ఒక పొడుగాటి పిలుపు. తర్వాత వెక్కిళ్ళలా మూడు. ఆ తర్వాత తొమ్మిది చిన్న చిన్న ముక్కలు. చివరికి మళ్ళీ పొడుగాటిది. అందులో రాగం లేదు, తీపి లేదు. కానీ విన్నప్పుడల్లా నా వెన్ను నిటారుగా అయ్యేది. "ఎందుకు సార్ ఊదుతారు?" అని అడిగాను. "నిద్రల ఉన్నోళ్ళను లేపనీకి. ముందుగాల నన్ను" అన్నారు.

నా రెండో ఏడు, ఆయన టీకి వెళ్ళినప్పుడు కుతూహలం ఆపుకోలేక ఆ కొమ్ము తీసి ఊదాను. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. నా అవస్థకి నాకే నవ్వొచ్చింది, ఆ నవ్వులో చెయ్యి జారింది. కొమ్ము రాతి మెట్టుమీద పడింది. తీసి చూస్తే ఈ చివరినుంచి ఆ చివరిదాకా సన్నటి చీలిక. ఎజ్రా గారు వచ్చేసరికి నేను దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన ముందు నా పాదాల వైపు చూశారు.

"కాలుమీద గిట్ల పడ్డదా?"

"లేదు సార్. పగలగొట్టేశాను సార్."

ఆయన కొమ్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "పొడుగ్గ పగిలితే ఇగ పనికిరాదమ్మా. అతికిచ్చి ఊదనీకి లేదు" అని, నెమ్మదిగా కూర్చున్నారు. అప్పుడు చెప్పారు వాళ్ళమ్మ సంగతి. ఇంట్లో ఆవిడను ఆయి అంటారు. ఎనభై దాటాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కొత్త సంవత్సరంనాడు కొమ్ము వినకుండా ఉన్నది లేదు. ఏటా అందుకోసం ఆవిణ్ణి బొంబాయిలో వాళ్ళ గుడికి తీసుకెళ్ళేవారు. ఈసారి మోకాళ్ళు సహకరించక ప్రయాణం మానుకున్నారు, ఇంట్లోనే ఊదుతానని ఆయన మాటిచ్చారు. "చెవులు పోతున్నయి ఆమెకు. వచ్చే ఏడు ఇనవడ్తదో లేదో" అన్నారు. బొంబాయిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేస్తే, ఇవ్వడానికి అక్కడ వేరే కొమ్ము లేదన్నది. పండుగ పదహారు రోజుల్లో ఉంది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. తెల్లారగానే వెళ్ళి, "కొత్తది నేను చేస్తాను సార్" అన్నాను. "చేసినవా ఎన్నడన్న?" "లేదండీ." "నేను గూడ చెయ్యలె. పా, ఇద్దరం జేద్దాం" అని లేచారు.

షేక్‌పేటలో మాంసం కొట్టు ఖాదర్ భాయ్ దగ్గరకి వెళ్ళాం. "కొమ్ములేం జేస్కుంటరమ్మా? సూప్ గూడ కాదు" అని ఆయన తెగ నవ్వి, రెండు జతలు కాగితంలో చుట్టి ఊరికే ఇచ్చాడు. థియేటర్ వెనక మూడు రాళ్ళు పెట్టి, రేకు డబ్బాలో గంటల తరబడి ఉడకబెట్టాం. అలా ఉడికితే లోపలి ఎముక వదులై ఊడివస్తుంది. ఆ వాసన గురించి ఏం చెప్పను! లోపల ప్రేమ సన్నివేశానికి డబ్బింగ్ చెబుతున్న అమ్మాయి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది. ఆ సినిమాలో కథానాయిక ప్రేమించినంతసేపూ జలుబు చేసినట్టే ఉంటుంది.

మొదటి కొమ్ము వేడి ఎక్కువై చిట్లింది. రెండోదానికి మొనలో రంధ్రం చేస్తుంటే నా డ్రిల్లు పక్కకి పొడుచుకొచ్చింది. మూడోది అన్నీ సరిగ్గా కుదిరి కూడా నోరు విప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎజ్రా గారు నాలుగో కొమ్ము నా ఒళ్ళో పెట్టి, "కండ్లు మూసుకో. తీగె పెట్టి జూడు, లోపల దారి యాడికి తిరుగుతున్నదో అదే జెప్తది" అన్నారు. సన్నటి తీగ దూర్చి, అది తగిలిన ప్రతిచోటా పైన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ రెండు రోజులు పనిచేశాను. పదకొండో రోజు మధ్యాహ్నం ఆయన దాన్ని పెదవులకి ఆనించి ఊదారు. పాతదానికంటే బొంగురుగా, పాతదానికంటే గట్టిగా, కొండ అంతా మోగింది.

లోపలినుంచి ఒక దర్శకుడు పరుగెత్తుకొచ్చారు. "ఏంటండీ ఆ సౌండు! నా రాక్షసుడి ఎంట్రీకి అదే కావాలండీ!"

"ఇది మా అమ్మకు సార్. సినిమాకు గాదు" అన్నారు ఎజ్రా గారు. దర్శకుడి ముఖం మాడిపోయింది. ఎజ్రా గారు సాయంత్రంలోగా ఒక నీళ్ళ పైపులో ఊది, టేపు వేగం తగ్గించి, అంతకంటే భయంకరమైన రాక్షసుణ్ణి తయారుచేసి ఇచ్చారు.

పండుగ సోమవారం వచ్చింది. నేనూ వెళ్ళాను. రహమత్ నగర్‌లో ఇరుకు సందులో వాళ్ళ ఇల్లు. సందు మొదట్లో వినాయక చవితి పందిరి వేస్తూ మైకులో "హలో, హలో" అని చెవులు చిల్లులు పడేట్టు అరుస్తున్నారు. నేను వెళ్ళి, "అన్నా, ఒక్క అరగంట మైకు ఆపుతారా? లోపల ఒక పెద్దావిడ కొమ్ము వినాలి" అన్నాను.

"కొమ్మేందక్కా?"

నాకు తెలిసినంతలో చెప్పాను. పందిరి పెద్ద వెంటనే మైకు కట్టేయించి, "ముసలమ్మ కోసం ఆ మాత్రం ఆపమా? మేం గూడ ఇంటం" అని పనివాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆయి తెల్లచీరలో కుర్చీలో కూర్చుని, నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎజ్రా గారు తలమీద టోపీ సర్దుకుని, ప్రార్థన చదివి, ఊదారు. పొడుగాటి పిలుపు ఆ చిన్న గదిలో గోడలను తాకి తిరిగింది. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. ఏ చలనమూ లేదు. మూడు వెక్కిళ్ళు ఊదారు. అప్పుడూ లేదు. వినబడలేదేమో, అంతా వృథా అయిందేమో అనుకున్నాను. చిన్న ముక్కలు కూడా ఊదడం అయింది. ఆయి కళ్ళు తెరిచింది.

"ఎనిమిదే" అంది.

"ఏంది ఆయీ?"

"ఎనిమిదే ఊదినవ్ రా. తొమ్మిది గావాలె. మళ్ల ఊదు."

యాభై అయిదేళ్ళ మనిషి, ఎన్ని వందల సినిమాలకో చప్పుళ్ళు చేసిన మనిషి, బడిపిల్లవాడిలా నాలుక కరుచుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు, పెదవులమీద ఆపుకోలేని నవ్వు. నవ్వుతూ ఊదడం కుదరక రెండుసార్లు ఆగి, మూడోసారి ఊదారు. ఈసారి కిటికీ బయట పందిరివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టారు. తొమ్మిదికి చేతులు ఎత్తారు. ఆయి తల ఊపింది. తర్వాత అందరికీ తేనెలో ముంచిన ఆపిల్ ముక్కలు పంచారు. నా చేతిలో ముక్క పెడుతూ ఎజ్రా గారు అన్నారు: "మా ప్రార్థనల ఊదుమని లేదమ్మా, ఇనుమని ఉన్నది. ఊదుడు సులువే. ఇనుడే పని."

ఆయి ఇంకో రెండేళ్ళు ఆ కొమ్ము విన్నది. ఆవిడ పోయాక, తొంభైల మధ్యలో ఎజ్రా గారు పని మానుకుని బొంబాయి చెల్లెలి దగ్గరకి వెళ్ళిపోయారు, కొమ్మూ ఆయనతోనే వెళ్ళింది. "నీ కొమ్ము ఇక్కడ గుడిలో అందరికీ నచ్చింది, షేక్‌పేట పొట్టేలని చెప్పిన" అని ఒక ఉత్తరం రాశారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

పోయిన నెల ఒక సినిమా చివరి పని జరుగుతోంది. కథానాయిక మెట్లు దిగి వచ్చే చోట నేను ఆపమన్నాను. ఆ అమ్మాయి పదకొండు మెట్లు దిగింది, పది అడుగులే వినబడ్డాయి. దర్శకుడు గడియారం చూసుకుంటూ, "వదిలేయండి మేడమ్, ఎవరు లెక్కపెడతారు?" అన్నారు.

"పెట్టేవాళ్ళుంటారండీ" అని, చెప్పులు తొడుక్కుని, ఆ ఒక్క అడుగు నేనే వెయ్యడానికి లేచాను.