సున్నపురాయి లేని సంచులు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. గనికి ఆ సూత్రం పనికిరాదు. నేలకింద నూనెరాయి, అంటే కాలిస్తే నూనె కారే రాయి, పొరలు పొరలుగా ఉంటుంది, నడుమ నూనె చుక్కయినా లేని తెల్లటి సున్నపురాయి. అందుకని పైనుంచి కిందిదాకా గాడి కొట్టి, మంచీచెడూ అంతా సంచికెత్తి పంపాలి. ఎస్టోనియాలోని ఒక గనుల ఊళ్లో సంచులన్నీ చేరేది లెయ్డా బల్లమీదికే. ఆమె రాయిని దంచి, కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి రెండు పారేస్తుంది. మిగిలింది కలిపి మళ్లీ అంతే. చివరికి దక్కిన గుప్పెడు పొడిని ఇనపగిన్నెలో మూతపెట్టి కాలుస్తుంది. కారిన నూనె కొలిచి, గనిలోంచి ఎంత తీయవచ్చో అంచనా కడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని.

పెళ్లి చేసుకోలేదు. ఆమె ఉండే అయిదంతస్తుల మేడలో సగం ఇళ్లకు తాళాలే. మిగిలిన తోడల్లా సంచులు మోసుకొచ్చే ఎండెల్. భార్య పోయినవాడు, మాటకారి. ప్రతి గురువారం అరగంట కూర్చుని, కాఫీ తాగి, నల్లరొట్టె మీద చేపముక్క పెట్టుకు తిని, నీ కాఫీకన్నా నీ నూనే నయమని వెక్కిరించి పోతాడు. ఆ అరగంట కోసమే ఆమె వారమంతా ఈడ్చుకొచ్చేది.

ఆ వసంతంలో పైవాళ్లు తేల్చి చెప్పారు. అంచనా బాగుంటే గనిలో కొత్త భాగం తవ్వుతారు, లేకపోతే మూసేస్తారు. మూస్తే ఎండెల్ పార్నులోని చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతాడు. కొత్త భాగం రాయిలోంచి మొదటి మూడు వారాలూ నూనె ధారాళంగా కారింది. లెయ్డా సంతోషం పట్టలేక, సంచిలో ఏముందో సరిగా చూడనేలేదు. అంత అనుభవమున్న మనిషి చేయవలసిన తప్పు కాదు. నాలుగో వారం దంచుతుంటే చేతికి తెల్లపొడి అంటలేదని గమనించింది.

"తెల్లరాయేదయ్యా, ఎండెల్?"

"దాన్లో నూనెండదుగా. మొయ్యడమెందుకని ఏరేశా."

"తవ్వేటప్పుడు అదీ తవ్వాలిగా."

"తవ్వుతాం. ఇంకో పదేళ్లు తవ్వుతాం. గురువారం గురువారం నేనొస్తా. నువ్వు ఊరుకో, చాలు."

ఊరుకోవాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. కానీ ఆ అంచనా నమ్మి, లేని నూనె కోసం ప్రాణాలకు తెగించి కిందికి దిగేవాళ్లు కళ్లముందు మెదిలారు. మర్నాడు తనే టోపీ పెట్టుకుని గనిలోకి దిగింది, తనే గాడి కొట్టించింది. నూనె మూడో వంతు తగ్గింది. ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టింది. ఎండెల్ పేరు ఎక్కడా ఎత్తలేదు. గని మూతపడింది.

అతను వెళ్లే రోజు బస్సు దగ్గరికి వెళ్లింది. కోపమా అని అడిగితే అతను తల అడ్డంగా ఊపాడు.

"లెక్క నువ్వు కట్టిందే సరైంది. కానీ లెయ్డా, గని లేకపోయినా ఈ ఊళ్లో ఉండేవాణ్ణే. ఉండమనేవాళ్లు ఉంటే."

లెయ్డా అతని కోటు వంక చూసింది.

"చలిగా ఉంది, కోటు గుండీలు పెట్టుకో," అంది.

అతను ఒక్కొక్క గుండీ నెమ్మదిగా, పైదాకా పెట్టుకున్నాడు. ఇంకాసేపు నిలబడి, బస్సెక్కాడు.